మా తల్లిగారి రేవు

గత సంవత్సరము శ్రావణమాసమున మా తల్లిగారు హైదరాబాదులో మా అన్నగారి యింట స్నానాలగదిలో కాలుజారి పడి తుంటియెముక విరుగగొట్టుకొనిరి. శస్త్రచికిత్స చేసిరి. ప్రాణమునకు భయము లేదని వైద్యులు చెప్పిరి. కాని డెబ్బదియేండ్ల శరీరము. అది మొదలు ఆమె లోకమంతయు మంచమునుండి కిటికీ వఱకును, కిటికీనుండి మంచము వఱకును మాత్రమే యైనది. ఆ కిటికీ అయిదవ యంతస్తులోనిది. దానినుండి చూచినచో నెదుటి మేడవారు ఆరవేసికొన్న బట్టలు తప్ప వేఱేమియు కానరాదు.

మేము చూడబోయి మూడుదినము లుంటిమి. ఆ మూడుదినములును ఆమె నొప్పిమాట యెత్తలేదు, మందులమాట యెత్తలేదు. తిరుగుప్రయాణమునకు సంచి సర్దుకొనుచుండగా మాత్రము మమ్ము దగ్గఱకు పిలిచి, "అమ్మాయీ, ఈసారి రాజమండ్రి వెళ్ళినప్పుడు మన రేవు ఫోటో ఒకటి తీసి పంపవే" అనిరి.

సోదరీమణులారా! ఈనాడు ప్రతివారి చేతిలోను ఫోనున్నది. ప్రతి ఫోనులోను కెమేరా యున్నది. ఒక రేవును ఫోటో తీసి పంపుట యెంతపని? మేమును అట్లే తలచితిమి. ఆ చిన్నకోరికను తీర్చుటకు మాకు మూడుమాసములు పట్టినది.

రాజమహేంద్రవరమున గోదావరిగట్టున కోటిలింగాలరేవు, పుష్కరరేవు మొదలగు పేరుపొందిన రేవులు కలవు. యాత్రికులు వచ్చునది అచ్చటికే. మేము చెప్పెడి రేవునకు అట్టి ప్రతిష్ఠ యేదియు లేదు. ఒక సందు, సందు కొసను రావిచెట్టు, చెట్టుక్రిందనుండి నీళ్లలోనికి దిగు ఇరువదిరెండు మెట్లు; అంతియే. 2015 పుష్కరములకు ముందు పైమెట్లకు సిమెంటు పూసిరి, క్రిందిమెట్లు పాతరాళ్లే. మా యిల్లు ఆ సందులో నుండెడిది. తాతగారును, నాయనమ్మగారును, పిదప మా తండ్రిగారును గతించినమీదట ఆ యింటి నమ్మివేసితిమి. ఇప్పుడచ్చట నాలుగంతస్తుల మేడ యున్నది. కనుక ఇది మా పుట్టినిల్లని చూపుకొనుటకు మాకు మిగిలినవి ఆ మెట్లే.

మా వారు ఉపాధ్యాయులుగా నున్న యూరు అచ్చటికి బస్సులో గంటన్నర ప్రయాణము. భాద్రపదమున నొక యాదివారము మేము ఒంటరిగా బయలుదేఱి పోయితిమి.

ఎగువ కొండలలో కురిసిన వానలు ప్రాణహిత, ఇంద్రావతి, శబరి మొదలగు నదులగుండ దిగివచ్చి గోదావరిలో కలియు కాలమది. నీళ్లెఱ్ఱగా నుండెను. ధవళేశ్వరము బ్యారేజీవద్ద నీటిమట్టము 11.75 అడుగులైనచో మొదటి హెచ్చరిక, 13.75 అయినచో రెండవది, 17.75 అయినచో మూడవది యిత్తురని ఆ యొడ్డున పుట్టిన ఆడుపిల్లలకు ఒకరు చెప్పనక్కఱలేదు. మేము పోవునాటికి వరద తీయుచుండెను గాని మెట్లలో సగము ఇంకను నీటిలోనే యుండెను. చెట్టుక్రింద నిలిచి, ఫోనును ఎడమకు త్రిప్పి, కుడికి త్రిప్పి పదునొకండు ఫోటోలు తీసితిమి. ఎఱ్ఱని వెల్లువ, దానిపై కొట్టుకొనిపోవు గుఱ్ఱపుడెక్క, దూరమున పాతవంతెన స్తంభములు; చూచుటకు అందముగనే యుండెను. ఆ రాత్రియే పంపితిమి.

మఱునాడు వదినగారు ఫోను చేసి మా తల్లిగారి కిచ్చిరి.

"బాగున్నాయే. గోదారి బాగుంది. రేవేదీ?"

"అదే రేవమ్మా. వరద వచ్చింది, మెట్లు మునిగున్నాయి."

"మునగని మెట్లు నాకెందుకే?" అని ఆమె నవ్విరి. "ఎనభయ్యారులో నీళ్ళు రావిచెట్టు మొదలుదాకా వచ్చాయి. అదీ తీసింది, ఇదీ తీస్తుంది. తీశాక పంపు. తొందరేముంది, నేనెక్కడికి పోతాను?"

1986 ఆగస్టులో వచ్చిన ఆ మహావరద మేము పుట్టకమునుపటిది. మా యింట అది యొక పురాణకథవలె చెప్పబడుచుండెడిది. చెట్టు మొదలున తాతగారు సున్నముతో పెట్టిన గీత మా చిన్ననాట సయితము కనబడెడిది. ఇప్పుడు లేదు.

మా వారు లెక్కల మాస్టారు. అత్తగారి మాట విని వారికి గొప్ప ఉత్సాహము పుట్టినది. ఒక చోటును పలుతావులనుండి చూడనిదే అది మనకు దక్కదని వారు ఉపన్యాసమారంభించిరి. జపానుదేశమున హొకుసాయి యను చిత్రకారుడు 1830 ప్రాంతమున ఫూజీపర్వతమును ముప్పదియాఱు విధముల చూపపూని, పిదప మఱి పది చేర్చి నలువదియాఱు చిత్రములు వెలువరించెనట. ఒకదానిలో కొండయే పటమంతయు నాక్రమించియుండునట. మఱియొకదానిలో పైకి లేచిన సముద్రపుటల క్రింద అది చేతిబొమ్మంతయై యుండునట. ఫ్రాన్సుదేశమున నియెప్సు అనునతడు 1826, 27 ప్రాంతమున కెమేరాతో తీసిన పటమే యిప్పటికి నిలిచియున్నవానిలో మొదటిదట. అదియు ఏ రాజభవనమును కాదు, తన యింటి మేడకిటికీనుండి కనబడు కప్పులును గోడలును. గంటలకొలది వెలుగు పడనిచ్చుటచే ఆ పటములో ఎండ రెండువైపుల గోడలమీదను కాయుచున్నదట. లోకమున కెమేరా పట్టిన తొలిమానవులలో నొకడు తన యింటినే తీసికొనెనన్న మాట మాకు మిక్కిలి నచ్చినది. కొండమాట మా వారికి నచ్చినది.

దసరా సెలవులలో మా వారును, పదేండ్ల మా చిరంజీవియు, మేమును కలిసి రెండవమాఱు పోయితిమి. నీళ్లు తేటపడినవి. మెట్లు ఇరువదివఱకు బయటపడినవి. ధవళేశ్వరమున అడ్డుకట్ట యుండుటచే ఆ నిలువనీరు రాజమహేంద్రవరము మీదివఱకు తన్నియుండును. అందుచే అడుగుమెట్లు ఎండలలోను నీటిని వీడవు.

ఆ దినమంతయు ఫోటోలకే సరిపోయినది. మా వారు గట్టుమీద నిలిచి మెట్లన్నియు తిన్నని గీతలుగా వచ్చునట్లు తీసిరి. అది రేవువలె గాక రేఖాగణితపు పుస్తకములోని బొమ్మవలె నుండెను. మా చిరంజీవి బోర్లపడుకొని రావివేరుమీద ప్రాకు చీమలను, మెట్టుమీద నిద్రించు కుక్కను, మా వారి చెప్పులను తీసెను. అటుపై ఒక నావవానికి కొంత రొక్కమిచ్చి నడినీటికి పోయితిమి. అచ్చటినుండి మేము చూచిన దృశ్యము మమ్ము కొంత కలతపెట్టినది. మేము ఈతనేర్చిన చోటు, ముక్కులోనికి నీళ్లుపోయి చచ్చితిమనుకొన్న చోటు, అరచేతితో కప్పివేయదగినంత యుండెను. దానిపైన ఆ నాలుగంతస్తుల మేడయు, మేడమీద నీలపు నీటితొట్లును తప్ప మఱేదియు కంటికానలేదు. సాయంకాలము రోడ్డువంతెనమీద బస్సులో పోవుచు కిటికీనుండి ఒకటి తీయబోయితిమి. కమ్మీల నడుమ ఏదో మసక పడినది. అదియు ఉంచితిమి.

మేము మాత్రము పదునాల్గవమెట్టు తీసికొంటిమి. ఆ మెట్టు ప్రక్కరాతిలో నావలు కట్టు ఇనుపకడియ మొకటి కలదు. చిన్ననాట మేము దానిని పట్టుకొని కాళ్లు నీటిలో ఆడించుచు కూర్చుండెడివారము. త్రుప్పుపట్టి సగమైనది గాని యింకను ఉన్నది. దానిని ప్రక్కనుండి, పైనుండి, నీడతోడను, నీడ లేకయు తొమ్మిదిమాఱులు తీసితిమి. తీయుచుండగా కంట నీరు తిరిగినదని చెప్పుటకు సిగ్గుపడనక్కఱలేదు.

ఇచ్చట నొకమాట చెప్పవలెను. మా తల్లిదండ్రుల పెండ్లిఫోటో మాయింట నున్నది; 1973 నాటిది. రాజమహేంద్రవరములో నొక స్టూడియోలో తీయించినది. వారి వెనుక తెరమీద పాలరాతిమెట్లు, కొలను, హంసలు చిత్రింపబడియున్నవి. కూతవేటుదూరమున గోదావరియు దాని మెట్లును ఉండగా, ఆ దంపతులను గుడ్డమీద గీసిన మెట్లముందు నిలువబెట్టిరి. మా తల్లిగారు ఆ రేవులో నుండగా తీసిన ఫోటో ఒక్కటియు మా కుటుంబమున లేదు. నలువదియేండ్లు దినమునకు రెండుమాఱులు దిగి యెక్కిన మెట్లవి.

మొత్తము నలువదిమూడు ఫోటోలు పంపితిమి. వదినగారు ఓపికతో ఒక్కొక్కటిగా చూపిరట. చూచి మా తల్లిగారు పిల్లవాడు తీసిన కుక్కను మెచ్చుకొనిరి. ఇనుపకడియమును చూచి, "ఇది నువ్వాడుకున్న చోటు. నాకు తెలుసు" అనిరి. గట్టుమీదనుండి తీసినది చూచి, "ఇది మీ నాయనమ్మ నిలబడి పిలిచే చోటు" అనిరి. నావమీదనుండి తీసినది చూచి, "ఇక్కడికి నేనెప్పుడూ వెళ్ళలేదు, అటునుంచి మనమిలా ఉంటామా" అని ఆశ్చర్యపడిరి. అన్నియు చూచిన పిమ్మట, "నేను కూర్చునే చోటు రాలేదే" అనిరి.

"ఎక్కడ కూర్చునేదానివమ్మా?"

"అడుగుమెట్టు మీద. నీళ్ళకి జానెడు పైన. అక్కడ కూర్చుని ఎదురుగా చూడు. పొద్దున్నే చూడు. మధ్యాహ్నం చూస్తే ఏమీ ఉండదు."

ఫోను పెట్టివేసిన పిమ్మట మా నలువదిమూడింటిని తిరిగి చూచుకొంటిమి. నిజమే. బోర్లపడుకొన్న పిల్లవాడు తప్ప మేమందఱమును నిలుచుండియే తీసితిమి. ఈకాలపు ఫోటోలన్నియు దాదాపు నిలుచున్నవారి రొమ్మెత్తునుండి తీసినవే గదా! మా తల్లిగారి తరమువారు లోకమును కూర్చుండి చూచిరి. పొయ్యియెదుట కూర్చుండి, రోటియెదుట కూర్చుండి, వాకిట ముగ్గునకు వంగి, రేవున బిందెయెదుట గొంతుకూర్చుండి చూచిరి. వారు చూచిన యిల్లును, వీధియు, నదియు వేఱు. మనము వారి యింటనే పెరిగితిమి గాని వారి కంటియెత్తున నుండి ఆ యింటిని ఎన్నడును చూడలేదు. ఈమాట తోచినప్పుడు మాకు కొంత లజ్జ కలిగినది.

మూడవమాఱు పోయినది ఆశ్వయుజము కడపటివారమున. మా పెత్తల్లిగారియింట రాత్రి నిద్రచేసి, చీకటితోనే లేచి రేవునకు పోయితిమి. అడుగుమెట్టు పాచిపట్టి జాఱుచుండెను. చీర కుచ్చెళ్లెత్తి దోపి, మెల్లగా కూర్చుంటిమి.

ముందుగా మేము కనుగొన్నది వెలుగుసంగతి. రాజమహేంద్రవరము నదికి తూర్పుగట్టున నున్నది. ప్రొద్దు మన వెనుకనుండి, ఇండ్లవెనుకనుండి పొడుచును. అందుచే ఉదయమున మన మెట్లు ఇంకను నీడలోనుండగనే ఆవలియొడ్డు ముందుగా వెలుగును. బంగారుపూత పూసినట్లు ఒక సన్ననిగీత, అందు చెట్లు, చెట్లనడుమ తెల్లనివేవో కట్టడములు! మధ్యాహ్నమున ఏమియు ఉండదని మా తల్లిగారన్నది ఇందులకే. ప్రొద్దువాలినపిదప ఎండ కంటికెదురుగా వచ్చి ఆవలియొడ్డు నల్లబడిపోవును.

రెండవది దూరముసంగతి. నది అచ్చట రెండున్నర కిలోమీటర్లకు మించిన వెడల్పుగలది. గట్టుమీద నిలిచి చూచినప్పుడు నడుమ నీరు మైదానమువలె పఱచుకొని ఆవలియొడ్డు ఎక్కడనో యున్నట్లుండును. అడుగుమెట్టున కూర్చున్నవారికి ఆ నీళ్లన్నియు ఒక పట్టెయై అణగిపోయి, ఒడ్డు మెట్టు అంచుననే మొలచినట్లు దగ్గఱపడును. పిదప మా వారు కాగితముమీద గీతలు గీసి, కన్ను నీటికెంత దగ్గఱనుండిన నడుమ నీరంత సన్నముగా తోచునని కోణములతో నిరూపించిరి. కూర్చుండిన మాకు నిరూపణ అక్కఱలేకపోయెను.

కాని ఫోటో తీయుట సులభము కాలేదు. ఫోనులోని మామూలు కెమేరా వెడల్పును ఎక్కువగా పట్టును. అందుచే దగ్గఱిమెట్టు పెద్దపీటయై, దూరపుటొడ్డు దారపుపోగై పోవును. కంటికి కనబడిన దగ్గఱతనము పటములో లేదు. రెండింతలు జూము చేసి, మెట్టు అంచు ఒక్కటి మాత్రము అడుగున వచ్చునట్లు పెట్టినప్పుడు కొంత కుదిరినది. వెలుగుతో మఱియొక తగవు. తెరపై మెట్టుమీద వ్రేలుంచినచో ఆవలియొడ్డు తెల్లగా వెలిసిపోవును. ఆవలియొడ్డుమీద వ్రేలుంచినచో మెట్టు చీకటియగును. రెండును కావలెనన్న కాదు. కొంతసేపు ఆలోచించి ఆవలియొడ్డుమీదనే వ్రేలుంచితిమి. ఇది తీయబోవు సోదరీమణులకు మా సలహా యేమనగా, కూర్చుండి, ఫోనును మోకాళ్లమీద ఆనించుకొని, ఊపిరి బిగబట్టి తీయవలెను. నీటికి దగ్గఱగా నున్నప్పుడు ఫోనునకు త్రాడుగట్టి మెడలో వేసికొనుట మేలు. మేము వేసికొనక కొంత కంపించితిమి.

ప్రక్కన ఇత్తడిబిందె యొకటి పెట్టి తీయరాదా యని ముందుదినమున మా వారనిరి. వలదంటిమి. అది నాటకమగును.

ఆ యుదయమే పంపితిమి. మధ్యాహ్నము వఱకు పిలుపు రాలేదు. వచ్చినపిదప మా తల్లిగారు కొంతసేపు పలుకలేదు. ఫోను తెగినదేమో యనుకొంటిమి.

"కొవ్వూరు కనపడుతోందే" అనిరి.

చదువరులకు ఇప్పుడు చెప్పవలసినది చెప్పెదము. మా తల్లిగారి పుట్టినిల్లు కొవ్వూరు. ఆవలియొడ్డుననున్న ఊరు అదియే. ఆమె పదునెనిమిదవయేట 1973 లో మా యింటికి కోడలై వచ్చిరి. అప్పటికి నదిని దాటవలెనన్న లాంచీమీదనో, పాతవంతెనమీద రైలులోనో దాటవలెను. ఆ పాతవంతెన 1897 లో ఆరంభమై 1900 లో పూర్తియైనది, ఏబదియాఱు ఖానాలది, 1997 లో దానిమీద రైళ్లు నిలిపివేసిరి. మా తల్లిగారు కాపురమునకు వచ్చిన మఱుసటియేడు, 1974 లో, పైన రోడ్డును క్రింద రైలుపట్టాలును గల క్రొత్తవంతెన తెఱచిరి. ఇక అరగంటలో పుట్టినింటికి పోవచ్చునని ఆమె సంతోషించిరట. వంతెన వచ్చినది గాని పంపువారు రాలేదు. ఏటికి రెండుమాఱులు, పండుగకొకమాఱు, ఎవరికైన జబ్బుచేసిన నొకమాఱు. అంతకుమించి మా నాయనమ్మగారు పంపెడివారు కారు.

ఇదంతయు ఆమె ఒక్కనాడు చెప్పినది కాదు. నాలుగైదు దినములు, ప్రతి మధ్యాహ్నమును, వదినగారు నిద్రించు సమయమున కొంచెము కొంచెముగా చెప్పిరి. "మీ నాయనమ్మ చెడ్డది కాదే" అని మాటిమాటికి అనుచుండిరి. "పంపేది కాదు, అంతే. ఆవిణ్ణి ఎవరు పంపారు గనక?"

ఇంకను చెప్పిరి. "కార్తీకంలో మా అమ్మ గోష్పాదరేవులో దీపం వదిలేది. 'నువ్వక్కడ వదులు, నేనిక్కడ వదులుతాను, ఒకే నీళ్ళు కదా' అంది. అరటిదొప్పలో దీపం అంతదూరం కనపడుతుందా ఎక్కడైనా? కనపడదని ఇద్దరికీ తెలుసు. అయినా అటు చూసేదాన్ని."

మాకు కార్తీకపు తెల్లవాఱుజాములు గుర్తున్నవి. అందఱ దీపములును పోయినపిదపకూడ మా తల్లిగారు అడుగుమెట్టున కూర్చుండియే యుండెడివారు. గట్టుమీదనుండి నాయనమ్మగారు, "ఇంకా ఎంతసేపే?" అని కేకవేసెడివారు. మేము పదునాల్గవమెట్టున కడియము పట్టుకొని చలికి వణకుచు, అమ్మకెంత భక్తియో యనుకొనెడివారము.

చిన్ననాట మాకు ఉబ్బసముండుటచే మేము బడిలో చదివినదానికంటె తాతగారియొద్ద చదివినదే యెక్కువ. పండ్రెండవయేట వారు మాకు భవభూతి ఉత్తరరామచరితము చెప్పిరి. అందు మొదటియంకమున సీతారామలక్ష్మణులు తమ వనవాసకథను చిత్రములలో చూచుకొనుట కలదు. పంచవటియు, జనస్థానమును, ఈ గోదావరియు అందున్నవి. బొమ్మలను చూచి చూచి సీతకు మరల ఆ యడవులను చూడవలెననియు, గంగలో దిగవలెననియు కోరిక పుట్టును. ఆ కోరికయే ఆమెను అడవికి పంపుటకు సాకగును. తాతగారు ఆ ఘట్టమును చెప్పుచు ఉత్తరీయముతో కన్నులొత్తుకొనిరి. మేమును ఏడ్చితిమి. మేమిద్దఱమును ఏడ్చుచుండినది వీధియరుగుమీద. ఆ యరుగుముందునుండియే మా తల్లిగారు బిందె చంకనబెట్టుకొని రేవునకు పోవుచుండిరి. ఆమె నాపి, నీకును చూడవలెనని యున్నదా యని అడుగవలెనని తాతగారికి తోచలేదు. మాకును తోచలేదు. ఆయన యందు మాకున్న గౌరవము ఇప్పటికిని తగ్గలేదు. కాని ఆ గ్రంథమును ఇప్పుడు తెఱచినచో మాకు సీతకంటె ముందు ఆ బిందె కనబడుచున్నది.

ఆ నాటకముననే రెండవయంకమున రాముడు పండ్రెండేండ్లకు జనస్థానమునకు మరల పోవును. ఏఱులు దారి మార్చుకొనియుండగా, చెట్లు కొన్నిచోట్ల పెరిగి కొన్నిచోట్ల పలుచబడియుండగా, కొండలనుబట్టి ఆ చోటును గుర్తుపట్టును. మా రేవునకు కొండలు లేవు. ఆవలియొడ్డే దాని గుర్తు.

కార్తీకమున మేము కొవ్వూరు పోయితిమి. ఇది మా తల్లిగారు కోరలేదు. మాకే పోవలెనని తోచినది. మేనమామలు ఊరువిడిచి చాలకాలమైనది. వారి యిల్లును పరులపాలైనది. తెల్లవాఱకమునుపే గోష్పాదరేవు చేరితిమి. స్త్రీలు వందలకొలది స్నానములు చేసి దీపములు వదలుచుండిరి. చీకటిలో ఫోటోతీయుటకు ఫోనును మెట్టుమీద ఆనించి పెట్టితిమి. అయినను దీపములు గీతలైనవి. తెల్లవాఱినపిదప కూర్చుండి ఎదురుగా చూచితిమి. ఇక్కడ వెలుగు అంతయు తలక్రిందులు. ప్రొద్దు రాజమహేంద్రవరము వెనుకనుండి కంటికెదురుగా పొడిచెను. ఊరంతయు ఒక నల్లనిగీత. ఆ గీతలో మా రేవు ఏదియో, మా రావిచెట్టు ఏదియో ఎంత వెదకినను కనుగొనలేకపోతిమి. జూము చేసిన కొలది మసక పెరిగినది గాని రేవు రాలేదు. మా అమ్మమ్మగారు చూచినది ఈ నల్లనిగీతనే. మా తల్లిగారికి వెలుగుచున్న ఒడ్డు కనబడెడిది. మా అమ్మమ్మగారికి అదికూడ లేదు. ఆమెను మేము బాగుగా ఎఱుగము. మా అయిదవయేట పోయిరి.

మేమును ఒక దీపమును వదలి, ఒక్క ఫోటోయే తీసి, దానిని పంపితిమి.

"ఇదేనే" అనిరి మా తల్లిగారు. "పెళ్ళికి ముందు ఇలాగే ఉండేది. అటు చూస్తే అదేదో దేశంలాగా ఉండేది. అక్కడికి వెళ్ళాలనుండేది నాకు!" అని చాలసేపు నవ్విరి.

ఫోనులోని ఫోటోలు ఫోనుతోనే పోవును. కావున ఆ రెండింటిని, అడుగుమెట్టునుండి తీసినదానిని, గోష్పాదరేవునుండి తీసినదానిని, కాగితముమీద అచ్చువేయించి పటములు కట్టించితిమి. మిగిలినవి మా వారి కంప్యూటరులో నున్నవి; కుక్క ఫోటో పిల్లవాడు తన బల్లయెదుట అంటించుకొనెను. పుష్యమాసమున పటములను తీసికొని హైదరాబాదు పోయితిమి. రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టవలెనని మేమనుకొంటిమి. మా తల్లిగారు ఒప్పుకొనలేదు. ఒకటి మంచమునకు తలవైపు గోడమీదను, మఱియొకటి కాళ్లవైపు గోడమీదను ఉండవలెననిరి. తలవైపున నున్నది కనబడదు గదా యని వదినగారనగా, "అటు తిరిగి పడుకున్నప్పుడు కనపడుతుంది. ఇటు తిరిగితే ఇది. ఉండనీ" అనిరి.

అద్దెయింటి గోడలకు రెండుచోట్ల మేకులు కొట్టవలసివచ్చెనని మా అన్నగారు కొంత విసుగుకొనిరి. మా తల్లిగారు ఆ విసుగును వినిపించుకొనలేదు. కాళ్లవైపు పటము కొంచెము వంకరగా నున్నదని చెప్పి, మాచేత మూడుమాఱులు సరిచేయించిరి.